తాళం తిప్పినప్పుడు వినిపించేదేమిటి? కారు స్టార్టింగ్, ఇంజిన్ శబ్దాల నిర్ధారణ

తాళం తిప్పితే టక్కుమని ఆగిపోయే బండికి ముందుగా జరిగే వైద్యం బ్యాటరీ మార్చడం. కొత్త బ్యాటరీతో పది రోజులు బాగానే నడుస్తుంది, మళ్లీ అదే టక్కు. అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్లు (మోటారులోకి కరెంటు అందించే, అరిగిపోయే ముక్కలు) వేస్తారు. ఆ తర్వాత డైనమో (బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు) వంతు. ఇన్ని చేశాక తప్పు ఎక్కడ తేలుతుందంటే, ఇంజిన్‌ను బాడీకి కలిపే ఎర్త్ తీగ బోల్టు కింద పట్టిన తుప్పులో. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే తీరే పనికి వేల రూపాయలు పోతాయి. పది రోజులు ఎందుకు నడిచిందంటే, నిండుగా ఉన్న బ్యాటరీ ఆ తుప్పును కూడా భరించి సెల్ఫ్‌ను తిప్పగలిగింది. ఛార్జి కాస్త తగ్గేసరికి అసలు రోగం బయటపడింది.

స్టార్టింగ్ సమస్యల్లోనూ, ఇంజిన్ శబ్దాల్లోనూ డబ్బు వృథా అయ్యేది ఇలాగే. ఏ భాగం మార్చాలన్నది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. తప్పు ఏ వైపు ఉందో, ఏ వైపు లేదో తేల్చడం మొదటి పని. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక మామూలు మల్టీమీటరు, పొడవాటి స్క్రూడ్రైవరు, ఓపిగ్గా వినే చెవి ఉంటే సగానికి పైగా సమస్యలు ఇంటి ముందే తేలిపోతాయి.

సెల్ఫ్ తిరగడం లేదా, ఇంజిన్ అందుకోవడం లేదా?

"బండి స్టార్ట్ కావడం లేదు" అన్న మాటలో మూడు వేర్వేరు జబ్బులు కలిసి ఉంటాయి. సెల్ఫ్ అసలు తిరగకపోవడం ఒకటి. తిరిగినా నీరసంగా, ఈడ్చుకుంటూ తిరగడం రెండోది. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం మూడోది. మొదటి రెండూ దాదాపు ఎప్పుడూ కరెంటు వ్యవహారమే. మూడోదానికి ఇంధనం, నిప్పు (ప్లగ్గు రవ్వ), గాలి, వాల్వుల టైమింగ్ చూడాలి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్న బండికి బ్యాటరీ మార్చమని ఎవరైనా చెబితే ఆ సలహాను అక్కడే ఆపేయాలి.

సెల్ఫ్ తిరగనప్పుడు చేయాల్సిన మొదటి పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. హెడ్‌లైట్లు వేసి, గోడ మీద పడే వెలుగును చూస్తూ తాళం తిప్పాలి. వెలుగు ఒక్కసారిగా చచ్చిపోతే బ్యాటరీలో ఛార్జి లేదు, లేదా టెర్మినల్ సరిగ్గా అంటుకోవడం లేదు. వెలుగు కొద్దిగా తగ్గి, ఒక్క టక్కు మాత్రమే వినిపిస్తే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్తోంది కానీ లోపల పని జరగడం లేదు. సెల్ఫ్ మీద పెద్ద స్విచ్‌లా పనిచేసే సోలెనాయిడ్‌లోని రాగి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు, కార్బన్లు అరిగి ఉండవచ్చు. వెలుగు ఏమాత్రం చెక్కు చెదరకుండా, టక్కు కూడా లేకుండా ఉంటే తాళం నుంచి సెల్ఫ్‌కు వెళ్లాల్సిన ఆజ్ఞే అందడం లేదు. అప్పుడు చూడాల్సినవి సెల్ఫ్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఫ్యూజు, క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్, ఆటోమేటిక్ బండి అయితే గేర్ స్థానాన్ని పసిగట్టే స్విచ్. ఆటోమేటిక్‌లో గేరును పార్కింగ్ నుంచి న్యూట్రల్‌కు మార్చి తిప్పితే స్టార్ట్ అయిందంటే ఆ స్విచ్ దొరికిపోయినట్టే. రిలే మీద అనుమానం ఉంటే ఫ్యూజు బాక్సులో అదే నంబరు ఉన్న హారన్ రిలేను తీసి దాని స్థానంలో పెట్టి చూడవచ్చు.

తాళం పట్టుకుని ఉన్నంతసేపూ టకటకటక అని వరుసగా కొట్టుకునే శబ్దం చాలామందికి తెలుసు. అది ఎందుకు వస్తుందో తెలిస్తే తప్పు ఎటు ఉందో కూడా తెలుస్తుంది. సోలెనాయిడ్‌లో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లోపలి ఇనుప కడ్డీని బలంగా లాగుతుంది, రెండోది లాగిన చోట పట్టి ఉంచుతుంది. కడ్డీ లోపలికి వెళ్లి పెద్ద కాంటాక్టును మూయగానే మోటారు వంద ఆంపియర్లకు పైగా అడుగుతుంది. బ్యాటరీలో సత్తువ లేకపోతే ఆ క్షణంలో వోల్టేజి కుప్పకూలుతుంది. పట్టి ఉంచే చుట్టకు బలం చాలదు, స్ప్రింగు కడ్డీని వెనక్కి తోసేస్తుంది. కాంటాక్టు విడిపోగానే బరువు తగ్గి వోల్టేజి తేరుకుంటుంది, మళ్లీ లాగుతుంది. ఇదే సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. కాబట్టి వరుస టక్కులు వినిపిస్తే చాలావరకు సోలెనాయిడ్ ఆరోగ్యంగానే ఉంది, వెనక నుంచి రావాల్సిన కరెంటే రావడం లేదు. ముందే సెల్ఫ్‌ను విప్పనవసరం లేదు.

మల్టీమీటరు చెప్పే లెక్క

బండి ఆపిన రెండు మూడు గంటల తర్వాత బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తగ్గిందంటే ముందు ఛార్జి పెట్టాలి, ఆ తర్వాతే ఏ తీర్పైనా. అయితే విశ్రాంతిలో 12.6 చూపించడం ఒక్కటే సరిపోదు. పాతబడిన బ్యాటరీ బరువు లేనప్పుడు బాగానే కనిపిస్తుంది. సెల్ఫ్ తిరుగుతుండగా కొలవాలి. అప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడితే, బ్యాటరీ నిండుగా ఉండి కూడా అలా జరిగితే, దాని పని అయిపోవచ్చింది. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. 13 దగ్గరే ఉండిపోతే డైనమో ఛార్జి చేయడం లేదు. 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు పోయింది, అది బ్యాటరీలో నీళ్లను మరగబెట్టేస్తుంది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరు ఛార్జింగును తెలివిగా తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి, అలాంటి బండిలో హెడ్‌లైట్లు, ఏసీ వేసి కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

బ్యాటరీని చలి చంపుతుందని చల్లటి దేశాల్లో చెప్పుకుంటారు. రామగుండంలోనూ రెంటచింతలలోనూ చంపేది ఎండ. వేడికి లోపలి ప్లేట్లు త్వరగా తినేసుకుపోతాయి, నీళ్లు ఆవిరవుతాయి. ఏప్రిల్, మేలలో దెబ్బతిన్న బ్యాటరీ జూన్, జులై వానల్లో మొరాయిస్తుంది. వైపర్లు, లైట్లు, ఏసీ బ్లోయరు అన్నీ ఒకేసారి నడిచే కాలం అది. అందుకే వాన మీద నెపం పడుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే వానకాలానికి ముందే సెల్ఫ్ కొడుతూ ఒకసారి కొలిపించడం మేలు.

అసలు పనికొచ్చే కొలత మరొకటి ఉంది, చాలా చోట్ల అదే చేయరు. తీగల్లో ఎంత వోల్టేజి తినేస్తోందో చూడటం. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ 100 నుంచి 150 ఆంపియర్ల దాకా లాగుతుంది, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. 150 ఆంపియర్ల దారిలో తుప్పు వల్ల ఓంలో నూరో వంతు అడ్డు వచ్చినా 1.5 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. ఆ నూరో వంతు ఓంను మామూలు మీటరు ఓంల స్థానంలో చూపించలేదు. తీగ తెగిందో లేదో చెప్పే మీటరు బజర్ పెట్టి చూస్తే తీగ బాగానే ఉందని కుయ్యిమంటుంది. తెగిపోయిన తీగలో ఒక్క పోగు మిగిలినా బజర్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం తిరగదు.

ఈ పరీక్షకు ముందు ఇంజిన్ స్టార్ట్ కాకుండా పెట్రోలు పంపు ఫ్యూజు తీసేయాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి ఒక కొసను బ్యాటరీ నెగటివ్ సీసపు కడ్డీకే తాకించాలి, మీద బిగించిన క్లాంపుకు కాదు. రెండో కొసను ఇంజిన్ దిమ్మెలో తుప్పు, రంగు లేని చోట పెట్టాలి. మరొకరు సెల్ఫ్ కొడుతుండగా అంకె 0.2 వోల్టు దాటకూడదు. అలాగే పాజిటివ్ కడ్డీ నుంచి సెల్ఫ్ మోటారు మీద లావు తీగ బిగించిన బోల్టు దాకా 0.5 దాటకూడదు. దాటితే కొసను అంచెలంచెలుగా దగ్గరికి జరుపుకుంటూ రావాలి, కడ్డీ నుంచి క్లాంపు, క్లాంపు నుంచి తీగ, తీగ నుంచి బోల్టు. ఎక్కడ అంకె పెరిగిందో తప్పు అక్కడే. ఒక్కోసారి సెల్ఫ్ కొట్టడం పది సెకన్లకు మించకూడదు. కొట్టాక ఒక నిమిషం ఆగితే మోటారు చల్లబడుతుంది.

టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే గ్లాసు వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పోస్తే పొంగి కరిగిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉండాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. లేకపోతే పానా జారి బాడీకి తగిలిందంటే మంట పుడుతుంది. శుభ్రం చేసి బిగించాక పైన పలచగా వ్యాజిలిన్ రాయాలి. బిగించక ముందు లోపల గ్రీజు నింపడం మంచి అలవాటు కాదు.

రాత్రి బాగున్న బండి పొద్దున కదలకపోతే, అదీ ప్రతి మూడు నాలుగు రోజులకూ అలాగే అవుతుంటే, ఎక్కడో కరెంటు కారుతోంది. తలుపులు మూసి, లాక్ చేసి, అరగంట ఆగితే లోపలి కంప్యూటర్లు నిద్రపోతాయి. అప్పుడు 50 మిల్లీఆంపియర్ల లోపు ఖర్చు మామూలే. అర ఆంపియర్ కారుతుంటే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజుల్లో పూర్తిగా ఖాళీ అవుతుంది, సెల్ఫ్ తిప్పలేని స్థితికి అంతకంటే ముందే చేరుతుంది. బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్ ట్రాకరు, డ్యాష్ కెమెరా ముందు అనుమానించాల్సినవి. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరులో అంకె ఎప్పుడు పడిపోతుందో చూస్తే దొంగ దొరుకుతుంది.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే

ముందు సెల్ఫ్ తిరిగే లయ వినాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ తిరుగుతుంటే ప్రతి సిలిండరు గాలిని నొక్కేటప్పుడు ఒక బరువు, ఒక ఊపు వినిపిస్తుంది. ఆ ఊపు లేకుండా, ఎప్పటి కన్నా వేగంగా, జుయ్యిమని సాఫీగా తిరిగిపోతుంటే వెంటనే తాళం వదిలేయాలి. వాల్వులను పిస్టన్లతో జతకలిపి నడిపే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి తెరిచి ఉన్న వాల్వులకు తగులుతాయి. పదేపదే కొట్టినా, బండిని తోసినా వంగని వాల్వులు కూడా వంగుతాయి. ఊపు ఒక సిలిండరు దగ్గర మాత్రమే తప్పిపోతుంటే ఆ సిలిండరులో కంప్రెషన్ లేదు. మోటారు తిరుగుతున్నా ముందున్న పుల్లీ కదలకపోతే సెల్ఫ్‌ను ఇంజిన్‌కు కలిపే బెండిక్స్ గేరు జారుతోంది. మూడూ "సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు" కిందికే వస్తాయి, మూడింటికీ వైద్యం వేరు.

లయ బాగుంటే పెట్రోలు బండిలో తర్వాతి పరీక్ష చెవితోనే. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు వైపు వినాలి. చాలా కార్లలో రెండు సెకన్ల పాటు సన్నగా జుమ్మని పంపు తిరిగి ఆగుతుంది. ఆ శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరుసలో చూడాలి. ట్యాంకు అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేస్తుండగా సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయిందంటే పంపులో కార్బన్లు అరిగాయి. అది ఇంటికి చేరడానికి పనికొచ్చే ఉపాయమే కానీ మరమ్మతు కాదు. పంపును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే. రిజర్వు లైటు వెలుగుతున్నా రోజుల తరబడి నడిపే బండ్లలో పంపు త్వరగా పోవడానికి కారణం అదే.

పొద్దున మొదటిసారి చాలాసేపు కొడితేనే అందుకునే బండిని ఇలా పరీక్షించవచ్చు. తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయాలి. మూడుసార్లు ఇలా చేశాక సెల్ఫ్ కొట్టాలి. వెంటనే అందుకుంటే రాత్రంతా పైపులో ఒత్తిడి దిగిపోతోంది. పంపులోని చెక్ వాల్వు కానీ, కారే ఇంజెక్టరు కానీ అందుకు కారణం.

నిప్పు విషయంలో ఒక తర్కం చాలా శ్రమ తప్పిస్తుంది. ఇప్పుడు చాలా కార్లలో సిలిండరుకు ఒక కాయిల్ (ప్లగ్గుకు రవ్వ పుట్టించే కరెంటు ఇచ్చేది) ఉంటుంది. ఒక కాయిలో, ఒక ప్లగ్గో పోతే ఇంజిన్ మిస్ కొడుతూ, వణుకుతూ అయినా స్టార్ట్ అవుతుంది. అన్ని సిలిండర్లూ ఒకేసారి ఊరుకున్నాయంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏదో ఆగింది. క్రాంక్ సెన్సరు (పిస్టన్లు తిప్పే క్రాంక్ కడ్డీ తిరగడాన్ని కంప్యూటరుకు చెప్పేది), మెయిన్ రిలే, ఇమ్మొబిలైజరు (సరైన తాళాన్ని గుర్తుపడితేనే ఇంజిన్‌ను నడవనిచ్చే కాపలా), కంప్యూటరు ఎర్త్ అలాంటివి. నాలుగు ప్లగ్గులు ఒకే రాత్రి చచ్చిపోవు. అయినా ప్లగ్గుల సెట్టు మార్చి చూద్దామనేవారు ఉంటారు.

క్రాంక్ సెన్సరుకు ఓ ప్రత్యేక లక్షణం ఉంది. బండి హైవే మీద వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎంత కొట్టినా అందుకోదు. అరగంట చల్లబడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. లోపలి సన్నటి తీగ చుట్ట వేడికి వ్యాకోచించి తెగి, చల్లారాక మళ్లీ కలుసుకోవడం వల్ల ఇలా అవుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు చాలా కార్లలో ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ముల్లు 200 దగ్గర కొంచెం లేస్తుంది, బండి కంప్యూటరుకు తగిలించి చదివే స్కానరులో కూడా కనిపిస్తుంది. సున్నా దగ్గరే ఉంటే ఈ సెన్సరును, దాని కనెక్టరును చూడాలి. స్కానరులో ఈ సెన్సరు తప్పును సూచించే పీ0335 కోడ్ వస్తే అనుమానం బలపడుతుంది. అయినా కోడ్ అంటే తీర్పు కాదు. ఎలుక కొరికిన తీగకు కూడా అదే కోడ్ వస్తుంది, వారాల తరబడి చెట్టు కింద నిలిపిన బండిలో అది అరుదు కాదు.

స్కానరు చేతిలో ఉంటే పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒక పోలిక చూడాలి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటిగా ఉండాలి, బయటి వాతావరణంతో సరిపోవాలి. విజయవాడలో కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే ఆ సెన్సరు తీగ తెగినట్టు. దాన్ని నమ్మిన కంప్యూటరు అక్కర్లేనంత పెట్రోలు పోసి ప్లగ్గులను తడిపేస్తుంది. ప్లగ్గులు తడిసి పెట్రోలు వాసన గుప్పుమంటుంటే, చాలా ఇంజెక్షన్ కార్లలో యాక్సిలరేటరును పూర్తిగా నేలకు తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది, గాలి మాత్రమే వెళ్లి లోపల ఆరుతుంది.

స్టార్ట్ అయి ఒకటి రెండు సెకన్లలోనే ఆగిపోతూ, మీటరు మీద తాళం బొమ్మ మెరుస్తుంటే అది ఇమ్మొబిలైజరు. రెండో తాళంతో ప్రయత్నించాలి. తాళం గుత్తిలో మరో బండి తాళం ఉన్నా కొన్నిసార్లు చదవడంలో తికమక వస్తుంది.

డీజిల్ బండికి సైలెన్సరు పొగే సాక్షి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ మండటం లేదు. చల్లటి సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులు, కంప్రెషన్ చూడాలి. గ్లో ప్లగ్గుల లోటు కోస్తాలో అంతగా తెలియకపోవచ్చు కానీ ఆదిలాబాద్‌లోనో, లంబసింగిలోనో చలికాలపు తెల్లవారుజామున తెలుస్తుంది. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. కామన్ రైల్ ఇంజిన్లలో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందేవాటిలో, ఆ గొట్టంలో 200 బార్ స్థాయి ఒత్తిడి పుట్టనిదే కంప్యూటరు ఇంజెక్టర్లను తెరవదు. అది పుట్టకపోవడానికి తరచూ కారణమయ్యేది గాలి పట్టడం. ఫిల్టరు మార్చి, ప్రైమింగ్ పంపుతో గాలి తీయకుండా సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టడం వల్ల బ్యాటరీతో పాటు హై ప్రెషర్ పంపు కూడా దెబ్బతింటుంది, దానికి కందెన డీజిలే కాబట్టి. గాలి లేదని తేలితే ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు ఒక్కో చిన్న సీసా తగిలించి సెల్ఫ్ కొట్టాలి. ఏ సీసా మిగతావాటి కన్నా గబగబా నిండుతుందో ఆ ఇంజెక్టరు ఒత్తిడిని వెనక్కి వదిలేస్తోంది. నాలుగింటినీ మార్చమనే ముందు ఈ పరీక్ష జరగాలి.

నీళ్లలో మునిగిన బండి విషయం వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగాయి. నీళ్లు తగ్గాక ఆత్రంగా తాళం తిప్పితే అంతదాకా బతికి ఉన్న ఇంజిన్ కూడా చచ్చిపోతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండరులో నీళ్లుంటే పైకి వచ్చే పిస్టన్ దారి లేక ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ నెగటివ్ విప్పి, ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచి తడి చూడాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే ఆయిల్‌లోకి నీళ్లు చేరాయి. ప్లగ్గులు విప్పి, క్రాంక్‌ను చేత్తో తిప్పి నీళ్లు బయటికి రప్పించాకే తాళం మాట. తోసి స్టార్ట్ చేయడం అసలు కూడదు.

శబ్దం ఎక్కడిది?

ఇంజిన్ శబ్దం వినిపించగానే చేయాల్సిన మొదటి పని ఆయిల్ చూడటం. సమతలంగా ఉన్న చోట ఆపి, ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచాలి. చాలా చిన్న కార్లలో పట్టేది మొత్తం 3 లీటర్ల చిల్లరే. అందులో లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టే. శబ్దంతో పాటు ఎర్రటి ఆయిల్ లైటు కూడా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఆపేయాలి. పెట్రోలు బంకు దాకా వెళ్దామనుకునే ఆ రెండు కిలోమీటర్లలోనే బేరింగులు పోతాయి.

ఆయిల్ సరిగ్గా ఉంటే తర్వాత అడగాల్సింది శబ్దం ఏ వేగంతో కొట్టుకుంటోందని. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, 800 ఆర్‌పీఎం ఉంటే క్రాంక్‌తో వచ్చే శబ్దం సెకనుకు 13 సార్లు, ఒక వాల్వు దగ్గర వచ్చే శబ్దం ఆరేడు సార్లు వినిపిస్తుంది. చెవితో లెక్కపెట్టడం కష్టం. ఫోన్లో రికార్డు చేసి పావు వేగంతో వింటే పది సెకన్లలో మొదటిది 33 సార్లు, రెండోది 17 సార్లు వస్తుంది. దాన్ని సులువుగా లెక్కపెట్టవచ్చు. 17 దగ్గర ఉంటే ట్యాపెట్లు (క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే భాగాలు), క్యామ్, ఇంజెక్టరు, ఒక సిలిండరు దగ్గరి సైలెన్సరు లీకు. 33 దగ్గర ఉంటే కింది భాగం, అంటే క్రాంక్, బేరింగులు, ఫ్లైవీలు.

చోటు తెలుసుకోవడానికి పొడవాటి స్క్రూడ్రైవరు కొసను లోహానికి ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కి వినాలి. వాల్వు కవరు, టైమింగ్ కవరు, ఆయిల్ చాంబరు, డైనమో, వాటర్ పంపు, ఒక్కోటీ తాకుతూ పోవాలి. చున్నీ, పైట, వదులు చొక్కా చేతులు బెల్టుకు దగ్గరగా రాకూడదు. రేడియేటరు ఫ్యాను ఏ క్షణమైనా తిరగడం మొదలుపెడుతుంది.

ట్యాపెట్ సౌండ్ పైనుంచి వచ్చే సన్నటి టిక్కుటిక్కు. స్క్రూతో సర్దే ట్యాపెట్లున్న ఇంజిన్లలో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజుతో (సందు కొలిచే పలచటి రేకులతో) మాన్యువల్‌లో చెప్పిన సందు పెడితే సరిపోతుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. శబ్దం అసలు వినిపించకూడదని సందు బిగించేయడం పెద్ద తప్పు. బిగిసిన వాల్వు పూర్తిగా మూసుకోదు. సీటుకు ఆని చల్లబడాల్సిన వాల్వు అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది. సీఎన్‌జీ బండ్లలో వాల్వు సీట్లు అరిగి సందు దానంతటదే తగ్గిపోతుంది. శబ్దం ఏమీ ఉండదు, కానీ పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, పికప్ తగ్గుతుంది. అలాంటి బండిలో ట్యాపెట్ల నిశ్శబ్దమే ప్రమాద సూచన.

ట్యాపెట్ అనుకుని పొరబడేది సైలెన్సరు మ్యానిఫోల్డ్ గాస్కెట్ లీకు, అంటే ఇంజిన్‌కు సైలెన్సరు కలిసే అతుకులో లీకు. పొద్దున గట్టిగా టిక్కుమంటుంది, ఇనుము వేడెక్కి వ్యాకోచించాక సందు మూసుకుని తగ్గిపోతుంది. అతుకు దగ్గర నల్లటి మసి చార కనిపిస్తే అదే.

టైమింగ్ చైన్ ఉన్న ఇంజిన్లలో పొద్దున తొలి స్టార్టింగులో రెండు మూడు సెకన్ల పాటు గరగరమని వచ్చి ఆగిపోయే శబ్దం ఉంటుంది. చైన్‌ను బిగించి పట్టే టెన్షనరు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రి ఆయిల్ దిగిపోతే ఒత్తిడి పుట్టేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే వాల్వు లేని నాసిరకం ఫిల్టరు వేసినా ఇలాగే అవుతుంది, కాబట్టి ముందు మంచి ఫిల్టరు, సరైన గ్రేడు ఆయిల్ వేసి చూడాలి. వేడెక్కాక కూడా టైమింగ్ కవరు దగ్గర గరగర ఉంటే, క్రాంక్, క్యామ్ స్థానాలు సరిపోవడం లేదని చెప్పే పీ0016 కోడ్ కూడా వస్తే చైన్ సాగిపోయింది. వాయిదా వేయకూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు శబ్దం. బరువైన దెబ్బ, కింది నుంచి వస్తుంది. క్రాంక్‌కూ బేరింగుకూ మధ్య ఉండాల్సిన సందు తల వెంట్రుక మందం కన్నా తక్కువ, ఆ సందులో నిలిచేది ఆయిల్ పొర. ఆయిల్ తగ్గినా, పలచబడినా, మార్చక బురదైనా ఆ పొర తెగుతుంది. లోహం లోహాన్ని తింటుంది, సందు పెరుగుతుంది, పెరిగిన సందులో ఒత్తిడి ఇంకా పడిపోతుంది. అందుకే ఈ శబ్దం మొదలయ్యాక తగ్గడమంటూ ఉండదు. 2000 నుంచి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి, యాక్సిలరేటరును కొంచెం వదిలిన క్షణంలో టకటకమని బయటపడుతుంది.

దీన్ని నిర్ధారించడానికి ఒక్కో సిలిండరును ఆపి చూస్తారు. పెట్రోలు బండిలో కాయిల్ కనెక్టరు కాకుండా ఇంజెక్టరు కనెక్టరు తీయాలి. కాయిల్ తీస్తే మండని పెట్రోలు, సైలెన్సరు దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. ఏ సిలిండరు ఆపినప్పుడు శబ్దం బాగా తగ్గితే ఆ రాడ్ బేరింగు కానీ, పిస్టన్ కానీ, పిస్టన్ పిన్ను కానీ కారణం. ఏది ఆపినా మార్పు లేకపోతే వాల్వులు, చైన్, బెల్టు వైపు వెళ్లాలి. కామన్ రైల్ డీజిల్లో ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టరు కనెక్టర్లను చేత్తో పీకకూడదు, అక్కడ ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది. స్కానరుతోనే ఆపాలి. డీజిల్లో ఒక ఇంజెక్టరు ఎక్కువ పోసినా అచ్చం బేరింగులాగే కొడుతుంది, అందుకే ఇంజిన్ దించే ముందు ఇంజెక్టరు పరీక్ష తప్పనిసరి.

పిస్టన్ బోరులో వదులై కొట్టే శబ్దం చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక తగ్గుతుంది. బేరింగు శబ్దం దీనికి తిరగేసి, ఆయిల్ వేడెక్కి పలచబడిన కొద్దీ పెరుగుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే చాలా గందరగోళం తప్పుతుంది.

తిరుమల, శ్రీశైలం ఘాట్ల మీద పెద్ద గేరులో ఈడుస్తుంటే గోళీలు రాలినట్టు వినిపించేది మాత్రం భాగాల శబ్దం కాదు. నిప్పు రవ్వ తర్వాత మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలడం అది. గేరు తగ్గిస్తే ఆగిపోతుంది. ఆగకపోతే పేరుకున్న కార్బన్, తప్పు రకం ప్లగ్గు, ఈ పేలుడును పసిగట్టే నాక్ సెన్సరు, ఇంజిన్ వేడి చూడాలి.

ముందు వైపు నుంచి కీచుమని వస్తే, ఏసీ వేయగానే పెరిగితే, బెల్టు మీద కొంచెం నీళ్లు చిలకరించాలి. శబ్దం క్షణం ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు. నీళ్లు పడగానే పెరిగితే బెల్టు వదులై జారుతోంది. కీచు కాకుండా మూలుగులా ఉంటే బేరింగు. బెల్టు తీసి అర నిమిషం మాత్రం ఇంజిన్ నడిపితే తేలిపోతుంది. శబ్దం పోతే డైనమో, వాటర్ పంపు, ఐడ్లర్ పుల్లీలను చేత్తో తిప్పి ఏది గరుకుగా ఉందో చూడాలి. వాటర్ పంపు ఆ బెల్టుతోనే తిరిగే బండ్లు చాలా ఉన్నాయి, అందుకే అర నిమిషం మించకూడదు. క్లచ్ తొక్కితే వచ్చే శబ్దం క్లచ్ రిలీజ్ బేరింగుది, తొక్కితే పోయే శబ్దం గేర్‌బాక్సుది. ఒకే ఒక్క ఆర్‌పీఎం దగ్గర రేకు డబ్బాలా గలగలమంటే సైలెన్సరు పైనున్న వేడి ఆపే రేకు వదులై ఉంటుంది, ఒక హోస్ క్లిప్పు చాలు.

బేరింగు పోయిందన్న అనుమానం ఉండీ ఇంజిన్ దించాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉంటే, తీసిన ఆయిల్ ఫిల్టరును పారేయకూడదు. పైరేకును కోసి, లోపలి మడతల కాగితాన్ని బయటికి తీసి, ఆయిల్ పిండి, ఎండలో పరిచి చూడాలి. సన్నటి మెరుపు చార ఒకటి రెండు ఉంటే కంగారు లేదు. మడతల నిండా వెండి రంగు, రాగి రంగు పొడి మెరుస్తుంటే దాని మీద అయస్కాంతం తిప్పాలి. అంటుకుంటే ఇనుము, అంటే క్యామ్, చైన్, క్రాంక్. అంటుకోకుండా కాగితం మీదే ఉండిపోతే అది బేరింగు పూత కావడానికే ఎక్కువ అవకాశం. అప్పుడు చిక్కటి ఆయిల్ పోసి, సీసాల్లో అమ్మే ఆయిల్ మందు కలిపి శబ్దం అణచడం వల్ల ఇంజిన్ బాగుపడదు. పాత కారు కొనేవారికి అలాంటి బండే తగులుతుంది. అందుకే చూడటానికి వెళ్లినప్పుడు బోనెట్ మీద చెయ్యి పెట్టి, ఇంజిన్ చల్లగా ఉందని నిశ్చయించుకున్నాక మొదటి సెల్ఫ్ కొట్టించాలి. తర్వాత ఇరవై నిమిషాలు నడిపి, వేడెక్కిన ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో వదిలి శబ్దం వినాలి. ఇంజిన్ ఆపాక డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎంత చిక్కగా ఉందో వేళ్ల మధ్య రుద్ది చూడాలి. ముందే వేడి చేసి ఉంచిన బండి అయితే అది చల్లారేదాకా ఆగి, అప్పుడు తాళం తిప్పాలి.